కట్ట ముందు చెప్పులు

ఇరవై ఏళ్లు దాటింది. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే బస్సులో, నా పక్కన యాభై ఏళ్లావిడ శాలువాలో చుట్టిన షీల్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మహిళా దినోత్సవమని ఆ పొద్దున కలెక్టరు చేతుల మీదుగా అందుకున్న ప్రభుత్వ అవార్డు అది.

"ఏమి రాసినారో సదివి చెప్పమ్మా," అంది.

"మహిళా హక్కుల కోసం చూపిన ధైర్యసాహసాలకు," అని చదివాను.

"చెప్పుల సంగతి రాయలేదా?"

రాయలేదు. అంత పెద్ద అక్షరాల్లో చెప్పుల ఊసే లేదు.

వాళ్ల ఊళ్లో మగవాళ్లు కూర్చునే కట్ట ఒకటుందట. దాని ముందు ఆడవాళ్లు చెప్పులు చేతపట్టుకుని నడవాలట. ఒక ఏడాది శెనక్కాయ చేలో కాలికి ముల్లు దిగి చీము పట్టడంతో, ఈమె చెప్పులతోనే నడిచింది. మూడు నెలలు ఎవరూ కూలికి పిలవలేదు. కాలు మానినా ఆమె మళ్లీ చెప్పులు విప్పలేదు.

"ఈ పొద్దు గూడా స్టేజీ కాడ, దీపం ఉండాది, చెప్పులు ఇడిసి రామ్మా అన్నారు."

"విప్పావా?"

"దీపానికి ఇడిసినా. మనుషులకైతే ఇడిసేది లేదు."

వాళ్ల ఊరొచ్చింది. స్టాపు పక్కనే కట్ట, దాని మీద నలుగురు మగవాళ్లు. ఆమె దిగి, షీల్డు చంకలో పెట్టుకుని, చెప్పులతోనే నింపాదిగా వాళ్ల ముందు నుంచి నడిచింది. ఆమె వెనకే దిగిన ఇద్దరు కాలేజీ పిల్లలు అలవాటుగా చెప్పులు విప్పడానికి వంగారు. ఒకమ్మాయి చేతికి తీసుకుంది.

రెండో అమ్మాయి ముందు పోతున్న ఆ కాళ్ల వంక చూసి, లేచి నిలబడి, అలాగే నడిచింది.