నీళ్లలో ఊపిరి వదలడం

నడుముకు ఈత మంచిదని ఎముకల డాక్టరు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"సార్, నాకు చిన్నప్పటిసంది ఈతొస్తది" అన్నాను.

మంథని దగ్గర మా ఊళ్లో, పొలం బావిలో, నడుముకు ఖాళీ డాల్డా డబ్బా కట్టుకుని నేర్చుకున్న ఈత అది. తల నీళ్లపైన నిలబెట్టి, చేతులతో నీళ్లు వెనక్కి లాగుతూ గట్టుకు చేరడమే. ఎట్లా కొడతానో కుర్చీలో కూర్చునే చేసి చూపించాను. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కొడితే మెడ లేస్తది, నడుము కుంగుతది. ఉన్న నొప్పి ఇంకింత పెరుగుతది. పద్ధతిగ నేర్చుకో."

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. అంతకు ఏడాది ముందుదాకా భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా పనిచేసేవాణ్ని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం మా పని. ఒకరోజు రెండో షిఫ్టులో పైకప్పు జారి నా మీదా, నాతో జోడీగా పనిచేసే అతని మీదా పడింది. నేను నడుము విరగ్గొట్టుకుని బయటపడ్డాను. అతను బతకలేదు. దవాఖాన నుంచి వచ్చాక నాకు పైన, దీపాల గదిలో డ్యూటీ ఇచ్చారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడం.

గోదావరిఖనిలో మా కాలనీ పక్కనే ఈత కొలను ఉంది. పెద్దవాళ్లకు సాయంత్రం నేర్పిస్తారు. ఒక్కణ్నే పోవడానికి సిగ్గుపడుతుంటే మా అక్క మొగుడు, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపే మా బావ, "నేనొస్త తియ్. డంపర్ మీద ఊగి ఊగి నా నడుము గూడ పోయింది" అన్నాడు.

నేర్పించే అతను మా ఇద్దరికంటే చాలా చిన్నవాడు. నన్ను ఒకసారి ఈ గోడ నుంచి ఆ గోడకు పొమ్మన్నాడు. పోయాను. రొప్పుతూ గోడ పట్టుకుంటే దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"అన్నా, నువ్వు ఈత కొడుతలేవు, నీళ్లతోని కొట్లాడుతున్నవ్. మొఖం లోపల పెట్టు. ముక్కుతోని, నోటితోని మెల్లగ ఊదు. బుడగలు రావాలె. ఊపిరంత పోయినంక తల పక్కకు తిప్పి పీల్చుకో. గంతే."

గోడకున్న కడ్డీ పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టాను. బుడగలు రాలేదు. ఛాతీ తాళం వేసినట్టు బిగుసుకుపోయింది. తల ఎత్తి దగ్గాను. మళ్లీ పెట్టాను. అదే తీరు. పక్కన బావ కుండలో గాలి ఊదినట్టు బుడబుడమంటున్నాడు. కొద్ది వారాల్లో అతనికి చేతులు సాగాయి, తల తిప్పడం కుదిరింది. నేను కడ్డీ దగ్గరే ఉన్నాను. కళ్లద్దాలు పెట్టించారు, ముక్కుకు క్లిప్పు పెట్టించారు. ఏం చేసినా లోపల గాలి లోపలే ఉండిపోయేది.

ఒక సాయంత్రం గట్టు మీద కూర్చున్నప్పుడు బావ అడిగాడు. "నీకేమైతాంది ర? బావిల అడుగుకు పోయి మట్టి తెచ్చెటోనివి. గిప్పుడు మొఖం పెట్టనీకి భయమా?"

"అప్పుడు గూడ ఊపిరి బిగవట్టిన బావా. వదిలింది లేదు" అన్నాను. తర్వాత, ఎవరికీ చెప్పనిది చెప్పాను. బొగ్గు కింద నేను బోర్లా పడి ఉన్నాను. నోటి ముందంతా పొడి. పక్కన చీకట్లో నా జోడీ గొంతు వినిపించింది. "ఊపిరి బిగవట్టు తమ్మీ. పొడి లోపలికి పోతది. వస్తున్నరు" అన్నాడు. ఆ తర్వాత అతని గొంతు వినిపించలేదు. కాపాడేవాళ్లు వచ్చేదాకా నేను కొంచెం కొంచెం పీల్చుకుంటూ, బిగబట్టుకుంటూ ఉన్నాను. నీళ్లలో చెవులు మూసుకుపోగానే నాకు అప్పటి చప్పుడే వినిపిస్తుంది. చప్పుడు కూడా కాదు, చప్పుడు లేకపోవడం.

బావ లేచాడు. "ఇంటికి పోదాం పా" అని నా తువ్వాలు కూడా తనే పట్టుకున్నాడు.

ఆ సంగతి మా అక్క ద్వారా మా ఆవిడకు చేరినట్టుంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి వాకిట్లో పెద్ద టబ్బు నిండా నీళ్లు పట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"మొఖం పెట్టు. నా చెయ్యి నీ వీపు మీదుంటది. పొయ్యి ఊదినట్టు ఊదు."

సిగ్గేసింది. అయినా పెట్టాను. ఆమె చేయి వెచ్చగా ఉంది. "ఊదు, ఊదు" అంటూనే ఉంది. చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం ముక్కు చుట్టూ చక్కిలిగింతలు పెట్టినట్టయింది. తల ఎత్తేసరికి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "వచ్చినయి! బుడగలు!"

మర్నాడు కొలనులో కడ్డీ వదిలాను. ముఖం లోపల పెట్టి ఊదాను. తల తిప్పి పీల్చాను. మళ్లీ ఊదాను. ఉన్నట్టుండి నడుము తేలింది. ప్రమాదం తర్వాత మొదటిసారి నాకు నడుము అనేది ఒకటి ఉందని తెలియలేదు. నొప్పి లేదు. గట్టు మీద నా పక్కన నడుస్తూ వస్తున్న, నేర్పించే అతను "శభాష్ అన్నా, పోనియ్!" అని అరవడం సగం సగం వినిపించింది.

లోతు మొదలయ్యే చోట అడుగున నేల వాలుగా దిగి నల్లబడుతుంది. అది చూశాను. అంతే, ఛాతీ బిగిసింది. తల తిప్పాల్సినవాణ్ని తిప్పలేదు. కాళ్లు కిందికి పోయాయి. గాలి అనుకుని నీళ్లు పీల్చాను. అతను దూకి నన్ను చంకల కింద పట్టి లాగుతుంటే పెనుగులాడాను. ఆ పెనుగులాటలోనే నడుములో ఏదో పట్టేసింది.

తర్వాత చాలా రోజులు మంచం దిగలేదు. కొత్తగా తీసిన ఎక్స్‌రే ఫొటోలు వెలుతురుకు పెట్టి చూసి డాక్టరు ఇక ఈత వద్దన్నాడు. ఆపరేషన్ చేసినా బాగవుతుందని చెప్పలేనన్నాడు. "నీళ్లల్ల నడువు, చాలు. ఇంక దీనితోనే బతకాలె."

బావ కూడా మానేశాడు. నేను పొమ్మంటే, "నువ్వు మంచంల ఉంటె నేను పోయి ఈతలు కొట్టాల్నా?" అని కసిరాడు. నన్ను మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు దీపాల గది నుంచి వచ్చాక ఓపిక ఉన్న రోజు కొలనుకు పోతాను. తక్కువ లోతున్న వైపు, ఛాతీ దాకా వచ్చే నీళ్లలో, ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాను. నేర్పించే అతను దూరం నుంచి చెయ్యెత్తుతాడు, దగ్గరికి రాడు. పక్క వరసలో కొత్తవాళ్లు ముఖాలు ముంచి బుడగలు వదులుతుంటే అటు చూడకుండా నడవడానికి ప్రయత్నిస్తాను. నడిచినంతసేపూ నొప్పి కొంచెం తగ్గుతుంది. మెట్లెక్కగానే మళ్లీ వస్తుంది.

ఇంటికి పోతే మా ఆవిడ మొదట నా తల వైపు చూస్తుంది. జుట్టు పొడిగానే ఉంటుంది. ఆమె లోపలికి పోయి టీ పెడుతుంది.