కాళ్ల వెనక సంచి

నెలాఖరు. అద్దె గదిలో వండుకుని చదువుకునే మా అమ్మాయి, నేను బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాం. మా రెండు పూటల తిండీ సంచిలోని మరమరాలే. ఎవరూ చూడకుండా దాన్ని కాళ్ల వెనక పెట్టాను.

పక్కనావిడ పులిహోర డబ్బా తెరిచింది. అమ్మాయి కళ్లు అటే వెళ్లాయి.

"తినీసే వచ్చామండీ," అన్నాను.

"అచ్ఛా, మీరు తినీసారు. పిల్ల తినలేదు కదేటి?" అంటూ డబ్బా అమ్మాయి చేతిలో పెట్టి, అటు తిరిగి కూర్చుంది.

తిన్నాక అమ్మాయి డబ్బా కడిగింది. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని నేర్పింది నేనే. అమ్మాయి నా కాళ్ల వెనక సంచి బయటికి లాగి, డబ్బాలో మరమరాలు పోసి ఇచ్చింది.

ఆవిడ గుప్పెడు నోట్లో వేసుకుంది. "ఇవుంచుకుని దాచీసారేటక్కా? నాకెంత ఇష్టమో!"

రైలొచ్చేదాకా సంచి నా ముందే ఉంది. నేను మాత్రం ఆవిడ ముఖం చూడలేకపోయాను.