బావకు అప్పగించిన మంచు బండి

మొన్న శుక్రవారం మస్కట్ శివారు మబేలాలోని మా రూమ్‌లో ఉల్లిగడ్డలు తరుగుతుంటే, పక్క మంచం మనిషి ఫోన్‌లో వీడియో ఒకటి చూపించాడు: మస్కట్‌లోని మంచు హాలులో ఒమానీ పిల్లలు హాకీ ఆడుతున్నారు. ఈ ఎండల దేశంలో మంచు మీద ఆటేమిటని రూమంతా నోరెళ్ళబెట్టింది. నేను మాత్రం కత్తి పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఆ హాలు పుట్టుక నాకు తెలుసు, అందులో నాకు జరిగిన మోసమూ తెలుసు.

నాతోపాటు గల్ఫ్‌కు వచ్చినవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. బయట చెప్పులు అంటుకుపోయే ఎండలో, ఆ హాలు నేల కింద మంచు గడ్డకట్టించే గొట్టాలు పరిచింది మా బ్యాచే. కట్టడం అయ్యాక అందరినీ వేరే సైట్లకు పంపి నన్ను అక్కడే ఉంచారు. మొదట్లో కుటుంబాలు పిల్లలను తెచ్చి జారుడు ఆట ఆడించేవి. తరువాత కెనడా ఇంజనీర్లు వారాంతాల్లో కర్రలతో, నల్ల రబ్బరు బిళ్ళతో హాకీ మొదలుపెట్టారు, వాళ్ళను చూసి ఒమానీలూ దిగారు. ఆటకూ ఆటకూ మధ్య మంచును చెక్కి, పైన వేడినీళ్ళు పోసి అద్దంలా చేసే బండి నాది. అవును, వేడినీళ్ళే, మంచు సాపుగా పట్టాలంటే అవే కావాలి. జగిత్యాల దగ్గర ఎడ్లబండి తోలినవాణ్ణి, ఆ బండెక్కితే జనం చప్పట్లు కొట్టేవారు, నాకేం తక్కువ!

మావాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది: సెలవు మీద ఇంటికి పోయేవాడు తన డ్యూటీని మనవాడికే అప్పగిస్తాడు, ఇతను తిరిగొచ్చాక తీసుకున్నవాడు మారుమాట లేకుండా వదిలేస్తాడు. నాకు బిడ్డ పుట్టినప్పుడు బావకు, అంటే మా అక్క భర్తకు, బండి నేర్పి అప్పగించాను. ఘాలా సైటులో ఎండలో ఇనుము మోసే మనిషి, నాలుగు రోజులు చల్లగా ఉంటాడనుకున్నాను. ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి, "ఫికర్ చెయ్యకు బామ్మర్దీ, నీ డ్యూటీ యాడికి పోదు. బిడ్డను కండ్లారా చూసి రా" అన్నాడు.

తిరిగొచ్చాక నేను హాలుకు పోతే బండి మీద బావే! నేనిక రానని, ఊళ్ళోనే ఉండిపోతానని సూపర్‌వైజరుకు ఆయనే చెప్పాడట. నన్ను ఘాలాకు, ఆయన మోసిన ఇనుము దగ్గరికే పంపారు. నన్ను చూసి కూడా బావ బండి ఆపలేదు, తల తిప్పుకొని ఇంకో చుట్టు తిరిగాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ చల్లటి హాలులో తెలిసింది. గొడవ పడితే అక్క కాపురంలో నిప్పులు పోసినవాణ్ణవుతానని, అక్కకు చెప్పకుండానే ఘాలా పనికెక్కాను.

ఇప్పుడు సెలవు పెడితే కంపెనీయే వేరే మనిషిని వేస్తుంది, ఎవరూ ఎవరికీ డ్యూటీ అప్పగించే పని లేదు. మోసపోయే పనీ లేదు, మంచిదే. కానీ మనవాడున్నాడు కదా అని నిశ్చింతగా విమానమెక్కిన ఆ సుఖం ఇప్పటి ఈ రూమువాళ్ళకు తెలియదు, నాకు మళ్ళీ దక్కలేదు. బావ కూడా కాలం చేశాడు. అక్క మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, "మీ బావ నిన్ను కొడుకులెక్క చూసుకున్నడు తమ్మీ" అంటుంది. అవునక్కా అంటాను.