మీ కాడ కరెంటెంత?

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇద్దరు మనుషులు ఎదురుపడితే మొదట మాట్లాడుకునేది కరెంటు గురించే. “మీకెన్ని?” “మాకు ఆరు. మీకు?” అంటూ గంటల లెక్క నడిచేది. కరెంటును గంటల్లో కొలవడం మా పాలమూరు, నల్లగొండ వాళ్ళు కనిపెట్టిన శాస్త్రం. నా ఖర్మ కాలి నేను వేరే శాస్త్రం చదివాను. తిరుమలగిరిలో ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు కరెంటంటే ఆంపియర్లే. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ నేను ఎక్కువ మాట్లాడటం వల్లే తప్పిపోతున్నాయని మా అమ్మ అనేది. (అది నిజం కాదని నేను ఆమెతో గంటసేపు వాదించేవాణ్ణి.)

చివరికి మా మేనమామ కొత్తకోట దగ్గర ఒక రైతు ఇంట్లో సంబంధం చూశాడు. పిల్ల డిగ్రీ చదివింది. నన్ను వాళ్ళకు ‘కరెంటు సారు’ అని పరిచయం చేశాడు. ఆ రెండు మాటల్లో అబద్ధం లేదు గానీ, విన్నవాళ్ళకు మాత్రం నేను సబ్‌స్టేషన్‌లో కూర్చుని ఊళ్ళకు కరెంటు వదిలే మనిషినని తోచింది. బస్సు దిగగానే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. “గిది గిట్ల తప్పిందంటే ఇగ నీకు సంబంధం సూడ. అడిగినదానికే జవాబియ్యి, ఇనవడ్తుందా?” అన్నాడు.

చాయ్ గ్లాసులు చేతికి రాగానే పిల్ల నాయనమ్మ, ఇంట్లో అందరూ అవ్వ అనే పెద్దావిడ, నన్ను ఎగాదిగా చూసింది. “మీ కాడ కరెంటెంత బిడ్డా?” అంది.

అడిగినదానికే జవాబివ్వాలి కదా. ఆ పొద్దున్నే మా ఇంట్లో నీళ్ళ హీటరుకు మీటరు పెట్టి చూసి ఉన్నాను. “ఐదు ఆంపియర్లు అవ్వా” అన్నాను.

“ఐదేనా? మాకే తొమ్మిదిస్తున్నరు!”

నాకు పౌరుషం వచ్చింది. “తక్కువేం కాదవ్వా. వోల్టేజీ రెండు వందల ముప్పై. దాన్ని ఐదుతో గుణిస్తే పవర్ వస్తది, పదకొండు వందల యాభై వాట్లు. అదే ఐదుతో భాగిస్తే నలభై ఆరు...”

“నలభై ఆరా!” అవ్వ కొడుకు వైపు తిరిగింది. “ఓరయ్యా, పిలగానికి నలభై ఆరేండ్లంట. గందుకే నెత్తి పల్చగున్నది.”

“వయసు కాదవ్వా, నిరోధం!” అన్నాను, ఆమెకు వినబడాలని గట్టిగా.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. (వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేదానికి పుస్తకాల్లో పేరు అదే. అలాంటి మాటనే సర్కారు దవాఖానల గోడల మీద కుటుంబ నియంత్రణ బొమ్మల పక్కన ఏళ్ళ తరబడి రాయిస్తే ఆ తప్పు నాదా?) పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు. మామ చాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పుల కోసం వెతకసాగాడు.

“నాయినా, గాయన హీటరు లెక్క చెప్తున్నడు” అని లోపలి నుంచి వినిపించింది. ఆ వెనకే పిల్ల గడపలోకి వచ్చి నిలబడింది. “సార్, మా కాడ పొద్దుగాల వోల్టేజీ నూట అరవై దాటదు. మీ హీటరు ఈడ పెడితే ఎన్ని వాట్లు గుంజుతది?”

నూట అరవైని మళ్ళీ ఐదుతోనే గుణించి ఎనిమిది వందలు అనబోయి ఆగాను. (మా దగ్గర చదివే వాళ్ళలో సగం మంది పడే గుంత అదే.) హీటరు తీగ మారదు కాబట్టి దాని నలభై ఆరు ఓముల నిరోధం అలాగే ఉంటుంది. వోల్టేజీ పడిపోతే కరెంటూ పడిపోతుంది. నూట అరవైని నలభై ఆరుతో భాగిస్తే దాదాపు మూడున్నర ఆంపియర్లు. దాన్ని నూట అరవైతో గుణించాను. “ఐదు వందల అరవై మించవు. అంటే మా ఇంట్ల గుంజేదాంట్ల సగం గూడ రాదు” అన్నాను.

“గట్లనా! నీళ్లు ఎంతకూ కాగకపోతే హీటరుదే తప్పనుకున్న” అని నవ్వింది.

తండ్రికి ఆ నవ్వు కంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. “గదంత సరే గని సారూ, నువ్వు చెప్తె మా లైన్ల వోల్టేజి పెరుగుతదా?”

మామ నా వెనక నుంచి ‘పెరుగుతదను’ అన్నట్టు వీపు మీద పొడుస్తున్నాడు. ఆ ఒక్క మాటంటే పెళ్ళయిపోయినట్టే. నాకేమో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “పెరగదండి. నేను పాఠం చెప్పేటోణ్ణి. నాతోని ఒక్క బల్బు గూడ ఎక్కువ ఎలగదు. ఎందుకు ఎలగదో మాత్రం పొద్దుగూకేదాంక చెప్తా.”

“వద్దు బిడ్డా” అంది అవ్వ వెంటనే.

తిరుగు ప్రయాణంలో మామ బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. కొన్నాళ్ళకు ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. “ఒప్పుకున్నరురా! పిల్లనే పట్టువట్టిందంట.”

“ఏం చూసి మామా?”

“నాకూ సమజ్ కాలే. ‘గాయన ఇంట్ల ఉంటే కరెంటు పోయినా పొద్దుపోతది’ అన్నదంట.”

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు పోదు. సాయంత్రమైతే ఆమె సీరియల్ ముందు, కూతురు ఫోన్‌లో. నేను నోరు తెరిస్తే ఇద్దరూ ఒకేసారి “ఉష్” అంటారు. ఎప్పుడైనా గాలివానకు లైన్లు తెగి వీధంతా చీకటైతే మాత్రం ఆమె వరండాలో కుర్చీ వేసుకుని, “ఇగ చెప్పు సారూ” అంటుంది. నేను మొదలుపెడతాను. మొదలుపెట్టి, లైన్‌మన్ కాస్త నిదానంగా వస్తే బాగుండునని, కరెంటు పాఠాలు చెప్పుకుని బతికే మనిషి కోరుకోకూడని కోరిక ఒకటి మనసులో కోరుకుంటాను.