వెనక్కిచ్చిన మూడు మార్కులు

మా ఆడపడుచు సంగతి చెప్పాలంటే మధ్యలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నా తప్పు దాని వంతు వచ్చినప్పుడు వస్తుంది, తొందరపడకండి.

ఆవిడ మా ఆయనకు చెల్లెలు, నాకంటే మూడేళ్ళు చిన్న. పెద్దాస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది, అందులో ఎక్కువ కాలం బట్టల గదిలోనే. పెళ్ళి చేసుకోనంది. ఎందుకని అడిగిన చుట్టాలను ఒక్కొక్కళ్ళనీ ఉతికి ఆరేసింది, ఆ తర్వాత ఎవరూ అడగలేదు. మా మేడ మీద గదిలో ఉంటుంది. పొయ్యి వేరు, తాళం వేరు, కోపం మాత్రం మా ఇద్దరికీ ఉమ్మడి. నేను కాపురానికొచ్చిన కొత్తలో మాకు క్షణం పడేది కాదు. ఇప్పుడు పడుతోందని కాదు, దెబ్బలాడుకోవడం అలవాటైపోయింది.

ఆ బట్టల గది నేను చూశాను. ఆస్పత్రి నేలమాళిగలో ఉంటుంది. పైన ఒకే ఒక్క చిన్న కిటికీ, అందులోంచి దారినపోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. గోడ పొడుగునా ఐదు ఇనప అరలు. ఉతుకుడు షెడ్డు నుంచి బట్టలు ఇంకా వెచ్చగా ఉండగానే తోపుడు బండి మీద వస్తాయి. వాటిని దులిపి, వెలుతురుకెదురుగా పట్టి చిరుగులు చూసి, మడతపెట్టి, వార్డు వార్డుకీ వేరు చెయ్యాలి. మంచం మీద పరిచేది ఒక అరలోకి పోతుంది. అదే దుప్పటి అంచు చిరిగితే ముక్కలు కోసి పసిపిల్లల కింద వేసుకోవడానికి ఇంకో అరలోకి పోతుంది. ఈ గుడ్డ నిన్న ఏమిటని ఆవిడ అడగదు, ఇవాళ ఏ పనికి పోతుందో చూస్తుంది.

గది ఇన్‌ఛార్జి పోయినేడు రిటైరయ్యాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ కుర్చీ ఆయనది, పని ఈవిడది. ఇక కుర్చీ కూడా ఈవిడకే వస్తుందని అందరమూ అనుకున్నాం. ఆఫీసువాళ్ళు కొత్త రూలు తీశారు. స్కూలు సర్టిఫికెట్ లేనివాళ్ళు ఆఫీసు పెట్టే భాషా పరీక్ష రాయాలట. ఇరవై అయిదు మార్కులు. ఒక ఉత్తరం, మిగతాది భాషాభాగాలు. పద్దెనిమిది వస్తే కుర్చీ, రాకపోతే ఉతుకుడు షెడ్డుకి బదిలీ. దుప్పట్లు మడతపెట్టడానికి వ్యాకరణం ఎందుకయ్యా అని మా ఆయన వెళ్ళి అడిగాడు. ఇన్‌ఛార్జి పై ఆఫీసుకు ఉత్తరాలు రాయాలి కదా అన్నాడట సూపరింటెండెంటు.

షెడ్డు అంటే ఏమిటో మాకు తెలుసు. ఆవిడ మొదటి నాలుగేళ్ళూ అక్కడే చేసింది. ఆ బట్టలసోడా నీళ్ళకు అరచేతుల తోలు లేచిపోయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ఆ చేతులు చూసినదాన్ని నేను. మళ్ళీ అక్కడికే పంపుతారంటే నాకు ముద్ద దిగలేదు.

ఆవిడ చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదువుతుంది, పేర్లు రాస్తుంది. నేను పదో తరగతి. అంటే పదో తరగతి దాకా వెళ్ళి లెక్కల్లో పోయినదాన్ని. ఆ ఫలితాలు చూసొచ్చిన మా నాన్న పది రోజులు నాతో మాట్లాడలేదు. ఫెయిలవడం అంటే ఏమిటో నాకు ఇంకొకళ్ళు చెప్పనక్కర్లేదు. సరే, పక్కింటివాళ్ళ దగ్గర ఐదో తరగతి పుస్తకం అడిగి తెచ్చాను. ఆవిడ డ్యూటీ రెండింటికి దిగుతుంది, మూడింటికి మా వంటింటి గడప మీద పాఠం.

నాకు తెలిసిన చదువు ఒకటే, బట్టీ పట్టడం. పేర్లను తెలిపేది నామవాచకం, దాని బదులు వాడేది సర్వనామం, గుణం చెప్పేది విశేషణం, పని చెప్పేది క్రియ, ఏం చేసినా రూపం మారనిది అవ్యయం. ఐదు ముక్కలు. వెయ్యిసార్లు అనవే తల్లీ అంటే ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. నా తలప్రాణం తోకకొచ్చింది.

"మంచి అంటే ఏంటి వదినా, ఏ అర?" అంది ఓ రోజు.

"విశేషణం."

"మంచి మనిషి అన్నప్పుడు సరే. ఒకళ్ళకి మంచి చేశాం అన్నప్పుడో?"

నేను పుస్తకం అటూ ఇటూ తిప్పాను. ఐదో తరగతి పుస్తకంలో అంత లోతు లేదు.

"మాటని పట్టుకుని నువ్వెవరివి అంటే అదేం చెబుతుంది? ఎక్కడ పని చేస్తోందో చూడాలి గానీ," అంది. అని, నా ముఖం చూసి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. పాఠం చెప్పేది నేనా ఆవిడా?

మర్నాడు ఆస్పత్రి నుంచి ఐదు ఖాళీ మందుల అట్టపెట్టెలు తెచ్చి గడప పక్కన వరసగా పెట్టింది. ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసింది. ఇక నా వంటింట్లో ఎవరు ఏ మాటన్నా అది చీటీ ఎక్కి పెట్టెలో పడేది. నీ మొండితనం తగలెయ్య అని నేను తిడితే, మొండితనాన్ని శుభ్రంగా రాసుకుని నామవాచకాల పెట్టెలో వేసింది. పాలు పొంగి నేను అయ్యో అంటే, పాలు చూడకుండా అవ్యయాల పెట్టె వెతికింది. మా ఆయన ఆ గదిలోకి రావాలంటే భయపడి నోరు మూసుకుని వచ్చేవాడు. అదొక్కటే నాకు దక్కిన లాభం.

సర్వనామాల దగ్గర మాత్రం ఆవిడ నవ్వలేదు. చీటీలు రాస్తూ రాస్తూ ఆగి, ఇరవై రెండేళ్ళుగా తనను ఆ ఆస్పత్రిలో ఎవరూ పేరు పెట్టి పిలవలేదని చెప్పింది. ఆవిణ్ణడగండి, ఆమెకివ్వండి, ఏయ్ నిన్నే. అంతే. పెన్ను గట్టిగా నొక్కి రాసింది, చీటీ చిరిగింది. నేను ఇంకో చీటీ అందించాను.

పరీక్ష రాసొచ్చిన రోజు పర్వాలేదు అని ఒక్క ముక్క అని మేడెక్కింది. నేను లెక్కల పరీక్ష రాసొచ్చిన రోజు మా అమ్మతో అన్నదీ ఆ పర్వాలేదే. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఇదిగో, నా తప్పు ఇక్కడుంది. మూడోనాడు పొద్దున ఆవిడ డ్యూటీలో ఉండగా, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళాను. ఆయన రాక్షసుడేమీ కాదు. కూర్చోమన్నాడు, సొరుగులోంచి పేపరు తీసి చూపించాడు. పదిహేను. ఉత్తరంలో తప్పులున్నాయి, అర్థాలు రాయమన్నచోట అర్థాలు రాయకుండా ఊరికే ఉదాహరణలు రాసిందట. ఇంకో మూడు కావాలి. నేను ఆవిడ చేతుల సంగతి చెప్పాను, ఇరవై రెండేళ్ళ సంగతి చెప్పాను, ఒక్కతే మనిషి అని కూడా చెప్పాను. కాళ్ళా వేళ్ళా పడ్డంత పని చేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెద్దావిడ, పోనీలెండి, మూడు మార్కులు కలిపితే ఎవరికి నష్టం అన్నాడు. నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఆర్డరిస్తామని కబురొచ్చింది. మా ఆయనా నేనూ కూడా వెళ్ళాం. సూపరింటెండెంటు కాగితం అందిస్తూ మంచి మాటలే చెప్పాడు. చివర్లో నన్ను చూపించి ఆవిడతో, ఇంట్లో ఇలాంటి మనిషి ఉండటం నీ అదృష్టం, మీ వదిన వచ్చి అంతగా అడక్కపోతే నేను మాత్రం ఏం చేసేవాణ్ణి అన్నాడు. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆవిడ నా వైపు చూడలేదు. కాగితం మడత కూడా విప్పలేదు.

"నాకెన్ని వచ్చాయి సార్?"

"పద్దెనిమిది వేశానమ్మా."

"మీరు వేసింది కాదు. నాకు వచ్చినవి."

"పదిహేను. అర్థాలు రాయలేదు మరి," అన్నాడాయన నెమ్మదిగా.

"ఆ మూడూ తీసేయండి."

మా ఆయన చెయ్యి పట్టుకోబోయాడు, విదిలించుకుంది. తీసేస్తే షెడ్డుకి వెళ్ళాల్సి వస్తుందని, మళ్ళీ పరీక్ష నాలుగు నెలల దాకా లేదని సూపరింటెండెంటు విడమరిచి చెప్పాడు. అర్థమైందంది. కోపంలో ఉన్నావు, రేపు మాట్లాడదాం అన్నాడు. రేపు కూడా ఇదే చెబుతానంది. ఆర్డరు కాగితాన్ని ఆయన బల్ల మీద, దుప్పటి మడత సర్దినట్టు అంచు అంచుకి సరిచేసి పెట్టి బయటికొచ్చేసింది.

మా గేటు దగ్గర ఆగింది.

"నాకు రాదనుకున్నావా వదినా?"

"నీ చేతులు గుర్తొచ్చి వెళ్ళాను."

"చేతుల సంగతి నేను చూసుకుంటా. అడుక్కొచ్చిన కుర్చీలో కూర్చుంటే రోజూ నాకు నువ్వే కనిపిస్తావు. నేను కనిపించను."

నేను కూడా ఊరుకోలేదు. నీ మంచికి పోతే నాకు చెడ్డపేరా, ఎవరికోసం వెళ్ళాను, పొగరు తలకెక్కింది నీకు, అని గేటు దగ్గరే నలుగురూ వినేలా అరిచాను. ఆవిడ అంతా విని మేడెక్కింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. సిగ్గేసి ఏడ్చాను, ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ మనిషికి రాదనే అనుకున్నాను నేను. పాఠం చెప్పినదాన్ని నేనే అనుకున్నాను.

మర్నాడు మూడింటికి మెట్ల మీద చప్పుడైంది. షెడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయి. గడప మీద కూర్చుని పెట్టెలు ముందుకు లాక్కుంది.

"అర్థాలు రాయలేదన్నాడుగా. అర్థాలు చెప్పు," అంది.

నాలుగు నెలలు. రెండో వారానికే అరచేతులు లేచాయి. కొబ్బరినూనె రాసుకుని, పెన్ను జారుతుంటే దానికి గుడ్డముక్క చుట్టి రాసేది. బట్టల గదిలో ఆఫీసు నుంచి ఒకాయన్ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. ఆయన దిండు గలీబులు పిల్లల వార్డుకీ, పిల్లల గుడ్డలు ఆపరేషన్ గదికీ పంపి నర్సుల చేత నానా మాటలూ పడ్డాడు. నర్సులు షెడ్డుకొచ్చి ఈవిణ్ణి అడిగేవాళ్ళు. అరల మీద రాసే ఉంది, చదువుకోమనండి అని చెప్పి పంపేది. నేను మాత్రం చేతుల మాట ఎత్తలేదు. రోజూ నోటి దాకా వచ్చేది, మింగేదాన్ని. పాఠం ఒక్కటే చెప్పాను. బట్టీ పట్టమని కూడా అడగలేదు, ఆవిడ అర్థాలు ఆవిడ మాటల్లో రాసుకుంటుంటే తప్పులు దిద్దాను.

రెండో పరీక్ష రోజు నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ లోపలికి పోయింది, నేను గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చున్నాను. తొమ్మిదింటికి కూర్చుంటే పన్నెండయింది. పేపరు అప్పుడే దిద్ది చెబుతారని కబురు. ఒకసారి సూపరింటెండెంటు వరండాలోకి వచ్చి నన్ను చూశాడు. లోపలికి రామ్మా, ఎండలో కూర్చున్నావేం అని పిలిచాడు. నా కాళ్ళు లేవబోయాయి. అమ్మతోడు, లేవబోయాయి. స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుని, రాను సార్ అన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గంటసేపు నేను పడ్డ నరకం నా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా పడలేదు.

ఒంటిగంటకు ఆవిడ బయటికొచ్చింది. చేతిలో పేపరు. ముఖం చూస్తే కందగడ్డలా ఉంది, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇరవై ఒకటి," అంది. "మిగతా నాలుగూ ఏమయ్యాయని అడిగొచ్చాను."

అందుకే అంత ఆలస్యం. ఉత్తరంలో రెండు పోయాయి, అవి ఒప్పుకుందట. క్రియ లేకపోతే వాక్యం లేవనే లేవదని రాసింది, క్రియ లేని వాక్యాలు కూడా ఉంటాయమ్మా అని ఆయన చూపిస్తే అదీ ఒప్పుకుంది. సర్వనామం దగ్గర ఒప్పుకోలేదు. పేరు తెలియనప్పుడు, తెలుసుకోవాలని లేనప్పుడు వాడేది అని రాసింది. పుస్తకంలో అలా లేదని ఆయన, ఈ ఆస్పత్రిలో అలాగే ఉందని ఈవిడ. అరగంట వాదన. మార్కు ఇవ్వలేదు గానీ, వచ్చేటప్పుడు ఆయన ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడట.

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు, నన్నే చూస్తోంది.

"నువ్వు ఇవాళ ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ స్టూలు దిగలేదు. కావాలంటే ఈయన్నడుగు."

ఇంకొకళ్ళయితే ఆ మాటతో ఊరుకుంటారు. ఆవిడ నిజంగానే వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి అడిగింది. ఈవిడ లోపలికొచ్చిందా, ఎవరితోనైనా మాట్లాడిందా, సార్ పిలిచినప్పుడు ఏమంది. ఆయన, పొద్దున్నించీ నా స్టూలు నాకివ్వకుండా ఇక్కడే కూర్చుందమ్మా, సార్ పిలిచినా కదల్లేదు, నా కాళ్ళు పీక్కుపోతున్నాయి అన్నాడు.

అప్పుడు వెనక్కొచ్చి ఆ పేపరు నా చేతికిచ్చింది.