నాన్న వినని సెకండ్ హాఫ్

సింగపూర్ బెడోక్‌లో ఇంట్లో టీ తాగుతుంటే మనవడు ఫోన్‌లో నలుపు తెలుపు ఫుట్‌బాల్ ఆట పెట్టాడు. నా చిన్నప్పటి యూరప్ క్లబ్బుల కప్పు ఫైనల్!

తంజోంగ్ పగార్ రేవు కూలీల క్వార్టర్స్ నేస్తాలూ, గుర్తుందా? ఇంగ్లండు నుంచి ఓడలో వారాల పాత పేపరు వచ్చేది. చదువురాని మా నాన్నకు ఆటల వార్త తెలుగులో చెప్పేదాన్ని. ఎవరు గెలిచారో ముందే తెలియకుండా అమ్మ హెడ్డింగు మడిచేసేది. సగం చదివాక నిజం ఆటలాగే విరామం, డబ్బాపాల టీ.

ఆ ఫైనల్ చదివిన రోజు విరామంలో నాన్న లేచాడు. "షిఫ్టు దిగొచ్చాక మిగతాది చదువు, తల్లీ." రేవులో క్రేన్ గొలుసు తెగి ఆయన మీద పడింది; ఇంటికి తిరిగి రాలేదు. ఆ పేపరు మళ్ళీ విప్పలేదు.

"సెకండ్ హాఫ్ స్టార్టింగ్ లా, అమ్మమ్మా!" మనవడు తన సింగపూర్ ఇంగ్లీషులో పిలిచాడు.

ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎవరు గెలిచారో తెలిసినా, ఎవరికి చదివి వినిపించను?