చదివిందా, ఒప్పజెప్పిందా?

ఈ రోజు ఆదివారం. రేపు మనవరాలు శ్రావణి హసన్‌పర్తి కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. నాకు మనసు కుదుటపడక ఇప్పుడే రాస్తున్నాను.

ఒక డేటా ముక్క అడిగి, అది వచ్చేదాకా ఆగకుండా తర్వాతిది అడిగేలా కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపించే కెర్నల్ అనే ప్రోగ్రామ్‌ను మార్చింది. డిస్కును వేగంగా చదవడం కోసమట. ఈ రోజు రెండోసారి కొలిస్తే వేగం విపరీతంగా వచ్చింది.

"మొదటిసారి గూడ గింతే వచ్చిందా బిడ్డా?" అని అడిగాను.

"లేదమ్మమ్మా, జర తక్కువొచ్చింది. ఒక్కసారి చదివినంక ఫైల్ మెమరీల ఉంటది గదా."

"గట్లయితే రెండోసారి డిస్కును చదువలే. మెమరీలకెల్లి ఒప్పజెప్పింది."

"అబ్బ, నువ్వింకా టీచర్‌వే! మా బ్యాచ్‌ల అందరు గిట్ల రెండోసారి వచ్చిన అంకెనే పెడ్తాండ్రు. సార్ అడుగడు, ఫికర్ చెయ్యకు."

సార్ అడగడని ఆమెకు ముందే తెలిసి ఉండటమే నన్ను కలవరపెడుతోంది. అంకె నిజంగానే వచ్చింది. దానికి 'డిస్కు వేగం' అని పేరు పెట్టడమే అబద్ధం. నాది చాదస్తమైతే చెప్పండి.

ఇక జరగాల్సినవి:

1. మెమరీ ఖాళీ చేసి శ్రావణి మళ్లీ కొలవాలి.
2. ఎంత వస్తే అంతే రాయాలి, తన మార్పు పనికిరాలేదని తేలినా సరే.
3. మార్కులు తగ్గితే నేను ఒక్క మాట కూడా అనకూడదు.